ఎర్రనీరు వచ్చింది, మామయ్య గారూ

మామయ్య గారూ,

మీరు పోయాక మొదటిసారి ఇవాళ పొద్దున్న మన ధవళేశ్వరం రేవుకి గోదారి కొత్త వరద, ఎర్రనీరు వచ్చింది. మీ అబ్బాయి పసుపు, కుంకుమ నా చేతిలో పెట్టి, "నాన్న చెప్పిందంతా కూర్చుని విన్నది నువ్వే, నువ్వే అడుగు" అన్నారు. మీలాగే నీళ్లలో అడుగు పెట్టకముందు ఒడ్డున వంగి, "ఎక్కడి నుంచి వచ్చావమ్మా?" అని అడిగాను.

నవ్వుతారేమో అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. వలలు భుజాన వేసుకుని అందరూ నా మొహంకేసే చూస్తున్నారు.

దోసిట్లోకి నీళ్లతో పాటు అడవి ఆకులు వచ్చాయి. గోదారికి శబరి దగ్గరి చుట్టం కాబట్టి అడవి ఆకులు మోసుకుని ముందొస్తుందనీ, ఇంద్రావతి, ప్రాణహిత దూరం నుంచి ఆలస్యంగా వచ్చినా ఇల్లంతా నింపేస్తాయనీ అనేవారు కదా మీరు.

"ఇది శబరి నీరండీ. పెద్దనీరు వెనకుంది, పడవలు పైకి లాగేయండి" అన్నాను. లాగేశారు.

పక్కింటి బాబాయి గారు మాత్రం, "పాలకొల్లులో బట్టల కొట్టు వాళ్ల అమ్మాయివి, నీకెలా తెలుసమ్మా ఇదంతా?" అన్నారు.

నేను రేవు మెట్లకేసి చూశాను. మీ అబ్బాయిని చేసుకుని వచ్చిన రోజు, మావాళ్లెవరూ రాలేదని ఇదే రేవు మెట్ల మీద ఏడుస్తుంటే, మీరొచ్చి పక్కన కూర్చున్నారు.

"ఇక్కడి నుంచి కాలవల్లో మీ ఊరొచ్చిన నీళ్లే తాగి పెరిగావు కదమ్మా. కొత్త చోటికి రాలేదు నువ్వు. పులస చేపలా ఎదురీదుకుంటూ ఇంటికొచ్చావు" అన్నారు.