ఎత్తిన చేతులే దించాలి

హిందూపురం,
శుక్రవారం

నా బంగారు వీణకు,

నువ్వు తలుపుల ఊళ్ళో టీచరమ్మవయ్యాక, వాట్సాప్‌లో ఎంత పొడుగు రాసినా ఒక బొటనవేలి బొమ్మ పంపి ఊరుకుంటున్నావు. ఈ సంగతికి బొటనవేలు చాలదు, అందుకే పెన్ను పట్టాను. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు కదా.

ముందు శుభవార్త. ఇళ్ళ సామాను మార్చే మా అన్న సురేష్ కంపెనీకి పెనుకొండ ఫ్యాక్టరీ వాళ్ళ పని దొరికింది. బెంగళూరు నుంచి వాళ్ళ స్టాఫ్ కుటుంబాల సామానంతా మేమే తేవాలి. సోమవారం మొదలు. మా దగ్గర గానీ, మాకు కూలీలను పంపేవాళ్ళ దగ్గర గానీ ఎవరినీ బలవంతాన పెట్టుకుని పని చేయించడం లేదని హామీ ఇమ్మన్నారు. "మన కాడ అట్లాంటివి యాడుంటాయిలే" అని అన్న నవ్వాడు. ఆఫీసంతా చూసుకునేది నేనే కాబట్టి నేనూ నవ్వాను.

ఇవాళ ధర్మవరంలో ఓబులమ్మవ్వ మగ్గం కొత్త ఇంటికి మార్చాలి. మా అమ్మకు దూరపు చుట్టం కదా, నేనూ లారీలో పోయాను. మా కూలీల మేస్త్రి నరసింహ నలుగురిని తెచ్చాడు. వాళ్ళు మగ్గం మీద చెయ్యి వేయబోతే అవ్వ గడప దగ్గరే ఆపేసింది.

"మగ్గం ఎత్తే చెయ్యి ముందు నా ఇంట్లో అన్నం కలపల్ల."

"వాళ్ళు తినే వచ్చినారు లేవ్వా, టైమైతాంది" అన్నాడు నరసింహ.

"తిన్యామని వాళ్ళు చెప్పల్ల. వాళ్ళ కడుపు సంగతి నీకేం తెలుసబ్బా?"

నేసేవాళ్ళ ఇళ్ళలో అది ఆచారం. మగ్గం ఎత్తేవాడు ఆ పూటకు ఇంటి మనిషి. అన్నం పెట్టి ఊరూ పేరూ అడగకుండా సామాను ముట్టనివ్వరు. ఆ నలుగురూ మేస్త్రి ముఖం చూసి, అతను ఊ అన్నాకే కూర్చున్నారు. పేరడిగినా ఊరడిగినా మేస్త్రే జవాబు చెప్పాడు. అవ్వ నన్నొకసారి చూసి, "మేస్త్రీ, అరిటాకులు తక్కువైనాయి, పోయి తెచ్చిపెట్టుపో" అని పంపేసింది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"నీ ఇల్లు యాడ నాయనా?" అని అవ్వ మళ్ళీ అడిగింది, పెద్దవాడైన తిమ్మప్పను.

"పావగడ పక్కనవ్వా. ఉగాది నుంచి పోలేదు. నా పెండ్లాం నెలలు నిండి ఉండాది."

"పోవచ్చు గదప్పా?"

"ఆధార్ కార్డు మేస్త్రి కాడ ఉండాది. ఫోను గూడా ఆయప్ప కాడే. కూలి అంతా పోయేటప్పుడు ఒకటేసారి ఇస్తానంటాడు, పోతానంటే పోనీడు. పని అయినాక గోడౌన్లో ఏసి బయట తాళం ఏస్తాడు."

ఆ గోడౌను మాదే వీణా. ఆ తాళం సామాను కోసమని అనుకుంటూ రోజూ దాని ముందు నుంచే ఇంటికి పోతున్నాను. నాకు ఒళ్ళంతా మండిపోయింది. ఈలోగా ఆకులు పట్టుకుని వచ్చిన నరసింహ ఆ చివరి మాట విననే విన్నాడు.

మగ్గం లారీ ఎక్కింది. కొత్త ఇంట్లో మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంత ఇంకా ఆరలేదు. అందుకని లారీని అలాగే ఆ ఇంటి వాకిట్లో పెట్టి వచ్చాం. "ఆదివారం రాప్పా. ఎత్తిన చేతులే దించల్ల. ఏ కొయ్య యాడిదో మీకే తెలుస్తాది" అని అవ్వ తిమ్మప్పకు మరీ మరీ చెప్పింది.

మా అన్నకు తెలుసా, తెలియదా అన్నదే నన్ను కొరుక్కు తింటోంది. రేపు అడుగుతాను. వినకపోతే ఆర్డీవో ఆఫీసుకు పోయి మా కంపెనీ మీదే అర్జీ పెడతాను. ఇది రాస్తుంటేనే పూనకం వచ్చినట్టుగా ఉంది. నువ్వు పక్కనుంటే ఎంత బాగుండేది.

నీ ఉషారాణి


హిందూపురం,
శనివారం

వీణమ్మా,

నిన్నటి ఉత్తరం ఇంకా డబ్బాలో వేయలేదు, రెండూ కలిపే పంపుతున్నాను.

అన్నను అడిగాను. "వాళ్ళు మేస్త్రి మనుషులు, మేస్త్రి చూసుకుంటాడు. సోమవారం పని పెట్టుకొని ఇప్పుడు కెలుకుతావా?" అన్నాడు. తాళం సంగతి తెలుసా అంటే తల దించుకున్నాడు. నాకు సైకిల్ నేర్పిన అన్న, పరీక్షలకు నాతో పాటు మేలుకున్న అన్న. బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఇంకా అన్యాయం విను. గోడౌనుకు పోతే ఆ నలుగురూ లేరు. "వేరే పనికి పంపినా" అంటాడు నరసింహ, ఎక్కడికో చెప్పడు. తిమ్మప్ప పెండ్లాం ఎప్పుడు ప్రసవిస్తుందో ఏమో. అర్జీ రాసేశాను. సోమవారం ఆఫీసు తెరవగానే ఇస్తాను. ఆ తర్వాత ఈ ఇంట్లో నాకు చోటుంటుందో లేదో, లేకపోతే మీ ఇంట్లో ఒక చాప వేసిపెట్టు.

ఉష


హిందూపురం,
మంగళవారం

ఒసే వీణా, చాప అక్కర్లేదు,

కూర్చుని చదువు. ఆదివారం నరసింహ వేరే నలుగురిని లారీ దగ్గరికి తెచ్చాడు. నేనూ అన్నా వెంట ఉన్నాం. అవ్వ వాళ్ళ ముఖాలు చూసింది. లోపలికి పోయి పాత ఇంటి ఇత్తడి తాళం తెచ్చి మా లారీ వెనక తలుపుకు వేసి, తాళంచెవి రొండిన దోపుకుంది.

అన్న కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. "అవ్వా, రేపు పెనుకొండకు లారీ కావల్ల."

"కావల్లంటే ఎత్తినోళ్ళను తీసకరా. సగం నేసిన చీర ఉండాది దాంట్లో, కొత్త చేతులకు ఇయ్యను." తర్వాత గొంతు తగ్గించింది. "నీ లారీకి ఒక పూట తాళమేస్తేనే ఇంత గింజుకుంటాండావే, మనిషికేస్తే ఎట్లుంటాది సురేషా?"

వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. నేసేవాళ్ళంతా బయటికి వచ్చి నిలబడ్డారు. అన్న ఎవరి ముఖమూ చూడలేకపోయాడు. నరసింహ భుజం పట్టుకుని, "యాడ పెట్టినావో చూపించు" అన్నాడు.

బత్తలపల్లి అవతల ఇటుకల బట్టీ. పట్టపగలు, రేకుల షెడ్డు, బయట తాళం. లోపల మాటలు వినబడుతున్నాయి. నరసింహ తాళంచెవి వెతుక్కుంటున్నాడు. అన్న ఆగలేదు, జాకీ రాడ్డుతో తాళం పగలగొట్టాడు. తలుపు తీశాక లోపలి వేడి మా ముఖాన కొట్టింది. అన్న పక్కకు జరిగితే తిమ్మప్పా మిగతా ముగ్గురూ బయటికి వచ్చారు. కార్డులు, ఫోన్లు మేస్త్రి బండి డిక్కీలోనే ఉన్నాయి. అన్నే తీసి ఎవరివి వాళ్ళకు ఇచ్చాడు.

అవ్వ ఇంట్లో తిమ్మప్ప ఫోనుకు చార్జింగు పెట్టాం. ఇంటికి చేస్తే పెండ్లాం ఎత్తింది. ఇన్నాళ్ళు ఏమైపోయావని కన్నడంలో దుమ్ము దులిపేసింది, వీధి చివరికి వినిపించేంతగా. ఆడపిల్ల పుట్టి వారమైందట. తిమ్మప్ప తిట్లన్నీ వింటూ ఏడుస్తూ నవ్వుతూ ఉన్నాడు. తర్వాత నలుగురూ అన్నం తిని మగ్గం దించారు, ఒక్క కొయ్య కూడా తారుమారు కాలేదు.

సోమవారం అర్జీ తీసుకుని గుమ్మం దాటుతుంటే అన్న నా చేతిలోంచి లాక్కున్నాడు. చింపేస్తాడనుకున్నాను. చదివి, నా పేరుకు పైన తన సంతకం పెట్టాడు. "గోడౌను నాది, ముందు నా పేరుండల్ల" అన్నాడు. ఇద్దరం కలిసే పోయాం. విచారణ మొదలైంది, ఆ నలుగురి దగ్గరా వాంగ్మూలం తీసుకున్నారు, నరసింహను పిలిపించారు, కూలి రాబట్టే పూచీ వాళ్ళు తీసుకున్నారు. ఫ్యాక్టరీ వాళ్ళకూ అన్నే ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. ముందు మీ ఇల్లు చక్కబెట్టుకోండి, తర్వాత చూద్దాం అన్నారు. పని నిలుస్తుందో పోతుందో తెలియదు. అయినా ఇవాళ అన్న ఇడ్లీలు కడుపునిండా తిన్నాడు.

పొద్దున తిమ్మప్పను బస్సెక్కించాం. అన్న కిటికీ దగ్గర నిలబడి బెరుగ్గా అడిగాడు, "ఇంక మేస్త్రి ఉండడు. నేనే పిలిస్తే మళ్ళా వస్తావా తిమ్మప్పా?"

తిమ్మప్ప జేబులో కార్డు ఒకసారి తడుముకున్నాడు. "చూస్తాలే సారూ" అన్నాడు.

వస్తానని అనలేదు వీణా. చూస్తానన్నాడు. రావడమా మానడమా ఇప్పుడు తన ఇష్టం. బస్సు కదిలిపోయినా నేనూ అన్నా పిచ్చివాళ్ళలా నవ్వుకుంటూ అక్కడే నిలబడ్డాం.

నీ ఉషారాణి