బొటనవేలి సాక్ష్యం

5 జూన్ 1995, నార్కట్‌పల్లి

మా ఆయన మెహమూద్ కుడిచేయి చచ్చుబడి నేటికి నలభై రోజులు. ఆయన టైలర్. కత్తెర పట్టలేడు. మిషన్ మీద గుడ్డ కప్పేశాడు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. రక్తపరీక్షలో ఏమీ లేదు. మనసులో ఏమైనా పెట్టుకున్నాడేమో కనుక్కోమన్నాడు ఇక్కడి డాక్టర్, నన్ను పక్కకు పిలిచి.

9 జూన్

మసీదు దగ్గర ఆయన బోరింగు కొడుతుంటే పక్కింటి హనీఫా చూసిందట. కుడిచేత్తోనే అట. "నా కండ్లతోని చూసిన" అంది. ఆయన్నడిగితే ఎడమచేయి అన్నాడు. వాళ్ల నాన్న బలవంతం మీద టైలరైన మనిషి. ఆ పని ఏనాడూ ఇష్టం లేదు.

10 జూన్

బొత్తాలు పెట్టుకునేటప్పుడు చూశాను. అన్నం తినేటప్పుడు చూశాను. ఎడమచేత్తో తినడం సిగ్గని దావత్‌లకు పోవడమే మానేశాడు. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడమే అనుమానంగా ఉంది.

16 జూన్

హైదరాబాద్, పెద్ద దవాఖాన. కొత్త మెషిన్ వచ్చిందట. సూది లేదు, మందు లేదు. గుండ్రటి తీగచుట్ట నెత్తిమీద పెట్టి నొక్కుతారు. అయస్కాంత శక్తి పుర్రె దాటి మెదడును తడితే చేయి దానంతటదే కదులుతుందట. డాక్టరమ్మ పవర్ డెబ్బై పెట్టింది. టక్‌మంది. ఆయన బొటనవేలు ఎగిరింది. మళ్లీ టక్. మళ్లీ ఎగిరింది.

మెదడు నుంచి చేతికి దారి బాగానే ఉన్నట్టుంది, ఇంకోసారి చూడాలి అందామె. ఆ 'ఇంకోసారి' నా చెవికెక్కలేదు.

"కదిలింది వజీరా" అన్నాడు ఆయన, కళ్లలో నీళ్లతో. ఎంత నటన అనుకున్నాను.

బస్సు దిగాక హోటల్ ముందు, నలుగురూ ఉండగానే అనేశాను. "దారి మంచిగనే ఉందంట. మరి దొంగ ఎవరు?"

17 జూన్

నిన్నటి నుంచి ఆయన నాతో మాట్లాడటం మానేశాడు.

30 జూన్

రెండోసారి. అదే మెషిన్, అదే డెబ్బై. వేలు కదల్లేదు. ఎనభై. తొంభై. లేదు.

ఊపిరి బిగబట్టి ఆపుతున్నాడన్నాను. ఆపితే ఆగేది కాదంది డాక్టరమ్మ. నమ్మలేదు. నాకు పెట్టండి మరి అన్నాను.

పెట్టింది. నూరు దాకా పోయింది. నెత్తిమీద పిచ్చుక పొడిచినట్టు టక్ టక్. నా బొటనవేలు రాయిలా పడుంది. ఈ చేత్తోనే పొద్దున పదహారు రొట్టెలు చేశాను.

అందరికీ ఒక్కతీరు ఉండదట. ఒకరికి నలభైకే కదులుతుంది, ఒకరికి నూరుకీ కదలదు. ఇవాళ కదిలిన మనిషికే రేపు కదలకపోవచ్చు. ఎందుకో తమకూ పూర్తిగా తెలియదంది. "ఇది అబద్ధాలు పట్టే మెషిన్ కాదమ్మా."

ఆయన నా ముఖం చూడలేదు. నా చేతిని చూశాడు.

2 జూలై

హనీఫా మళ్లీ అదే మాట ఎత్తింది. "నా ఏలు గూడ కదల్లే. నేను గూడ దొంగనేనా?" అన్నాను. వెళ్లిపోయింది.

ఆయన లోపలి నుంచి విన్నాడు. పదహారు రోజుల తర్వాత నాతో మాట్లాడాడు. "అంగడికి పోతున్న. ఏమన్న తేవాల్నా?"

9 జూలై

చాయ్ గ్లాసు ఆయన కుడిచేతి పక్కన కావాలనే జారవిడిచాను. ఎడమచేత్తో పట్టుకున్నాడు. కాలింది. గ్లాసు కింద పెట్టి నన్ను చూశాడు.