ఎడమకు తిరిగే కుర్చీ

తమ్మీ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. దేవరకొండల మన పండ్ల దవాఖానకు పెద్దన్న కొత్త కుర్చీ తెచ్చిండు.

పాతదాంట్ల పన్ను తొలిచే మిషను, ఉమ్మే గిన్నె అన్నీ కుడిచేతి డాక్టరుకు తగ్గట్టే ఉండె. నీది ఎడమచెయ్యి. రోగుల మీదికెల్లి వంగి వంగి నీ నడుము పాయె. రెండు దిక్కుల తిరిగేది కొందామని నువ్వు బతిమాలితే, "ఎడమచెయ్యి నోట్ల పెడితే ఎవడొస్తడు? చెయ్యి మార్చుకో" అన్నడు పెద్దన్న.

ఇయ్యాల పట్నంకెల్లి వచ్చిన కంపెనీ ఆయన మిషనును ఎడమకు తిప్పి చూపిచ్చిండు. "ఎటంటే అటు తిరుగుతది!" అని పెద్దన్న అందరికీ చెప్పుకుంట మురిసిండు. కొత్త డాక్టరుది కుడిచెయ్యే.

పన్ను పీకే పట్టుకారు నేను నీకిచ్చిన అలవాటుల ఆ డాక్టరు ఎడమచేతికి అందిచ్చిన. "చెయ్యి మార్చుకో" అన్నడు పెద్దన్న. నీకు చెప్పినప్పుడు కోపంగనన్న చెప్పిండు. నాకు నవ్వుకుంట చెప్పిండు.

నీ అక్క