వాసన లేని సీసా

ఫిబ్రవరి 9

ఉదయం పది నలభైకి తను పోయింది. ఎనిమిదింటికి రెండు చెంచాల నీళ్లు తాగింది. తొమ్మిదింటికి నర్సు వచ్చి దిండు మార్చింది. కిటికీ తెర కొంచెం జరపండి అంది తను. జరిపాను. ఇంకొంచెం అంది. తర్వాత మాట్లాడలేదు. నాలుగు చోట్ల సంతకాలు పెట్టి ఇంటికి వచ్చాను.

ఫిబ్రవరి 10

ఏమీ రాయలేను.

ఫిబ్రవరి 26

మరదలు వచ్చింది. బావా, అక్క బీరువా ఖాళీ చేసిపెట్టనా అంది. వద్దన్నాను. పోనీ వంటిల్లయినా సర్దుతాను, ఇక్కడ చీమలు కూడా పస్తులుండేలా ఉన్నాయి అంది. ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మార్చి 4

తను పనిచేసిన ల్యాబ్ నుంచి తన జూనియర్ ఫోన్ చేసింది. తన ఆఖరి పేపర్‌ని పరిశీలించినవాళ్లు ఒక ప్రయోగం మళ్లీ చేసి చూపమన్నారట. ఆ పిల్ల మూడుసార్లు చేసింది. మూడుసార్లూ ఆ ఫలితం రాలేదు. శుక్రవారం లోపు రాకపోతే పేపర్ వెనక్కి తీసుకుందాం అన్నాడట డైరెక్టర్. పోయిన మనిషి గురించి అనకూడదు గానీ, ఆవిడ చూడాలనుకున్నదే చూసిందేమో అని కూడా అన్నాడట.

అబద్ధం బాబాయ్ గారూ అని ఏడ్చింది. నోట్‌బుక్‌లు ఇంట్లోనే ఉన్నాయి, వచ్చి చూసుకో అన్నాను.

మార్చి 5

నేను వంతెనలు కట్టినవాణ్ణి. తన పని నాకు తెలిసింది ఇంతే. కణంలో అక్కర్లేని ప్రోటీన్‌కి యుబిక్విటిన్ అనే చీటీలు గొలుసుగా అంటుకుంటాయి. చీటీలు పడ్డదాన్ని కణం ముక్కలు చేసేస్తుంది. ఆ చీటీలను ఊడదీసే ఎంజైములు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒక్కదాని వెంటే తను ఇరవై రెండేళ్లు పడింది.

మీమీద ఎన్నిసార్లు చీటీ పడిందో, ఎప్పటికప్పుడు నేనే ఊడదీస్తూ వచ్చాను అనేది.

తను చూడాలనుకున్నదే చూసే మనిషి కాదు. అదే అయితే నన్ను ఇంకాస్త మెచ్చుకుని ఉండేది.

మార్చి 6, సాయంత్రం

ఆ పిల్ల ల్యాబ్ నుంచే నేరుగా వచ్చింది. నాలుగోసారీ రాలేదట. వంటింటి బల్ల దగ్గర కూర్చుని నోట్‌బుక్ పేజీ పేజీ చూసింది. కొలతలు అవే. టైములు అవే. ఏదీ తప్పలేదు బాబాయ్ గారూ అంది.

టీ ఇచ్చాను. కప్పు అందుకుంటుంటే గమనించాను. నీ చేతులకి వాసన లేదేమిటమ్మా అన్నాను.

అర్థం కాలేదు ఆ పిల్లకి. ఈ ప్రయోగం ఉన్న రోజు మీ మేడమ్ కుళ్లిన కోడిగుడ్డు కంపుతో వచ్చేది, నేను కుర్చీ అవతలికి జరుపుకునేవాణ్ణి అన్నాను. ఏదో పొడి తూచడానికని ఆ రోజుల్లో ఆరింటికే వెళ్లేది.

కప్పు కింద పెట్టేసింది. డీటీటీ అంది. ఆ కంపు కొట్టే పొడి పేరట. అది లేకపోతే ఎంజైము మొద్దుబారిపోతుందట. కలిపిన నీళ్లు నిలవ ఉంటే అదీ చచ్చిపోతుందట, వాసనా పోతుందట. నోట్‌బుక్‌లో డీటీటీ అని ఉంది. అప్పటికప్పుడు కలపాలని లేదు. తన కోసం రాసుకున్నది, తనకి తెలిసింది ఎందుకు రాసుకుంటుంది?

మరి నువ్వు ఏది వాడావు అని అడిగాను. ఆస్పత్రికి వెళ్లేముందు మేడమ్ కలిపి ఫ్రిజ్‌లో పెట్టిన సీసా ఉంది, దానిమీద ఆవిడ చేతిరాత ఉంది, కొత్తది కలపబుద్ధి కాలేదు, నిలవదైనా పనిచేస్తుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను అంది.

తిట్టలేదు. మా ఇంట్లో తన బీరువా ఇంకా అలాగే ఉంది.

మార్చి 7

ఫోన్ రాలేదు.

మార్చి 8, మధ్యాహ్నం

వచ్చింది. డీటీటీ అప్పటికప్పుడు కలిపి చేస్తే చీటీల గొలుసు పూర్తిగా ఊడిపోయిందట. ఫలితం చూపించే గీతలన్నీ మేడమ్ రాసినచోటే ఉన్నాయట. డైరెక్టర్ కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూసి, పేపర్ పంపించెయ్ అని వెళ్లిపోయాడట. క్షమాపణ చెప్పాడా అన్నాను. తలుపు మెల్లగా వేశాడు బాబాయ్ గారూ, ఆయనకి అదే ఎక్కువ అంది.

మార్చి 9

పాత సీసా ఇంకా ఫ్రిజ్‌లోనే ఉందట. పారబోయడానికి ఆ పిల్లకి చెయ్యి రావట్లేదట. రేపు పొద్దున ఎనిమిదింటికి వెళ్లి నేను పారబోస్తాను.