గుర్రం రాయి కింద ఆరు గూళ్ళు

సెప్టెంబరు 9, 1992

బంగారం బకీజియో,

నా రాత చూసి నవ్వకు. అక్షరాలు ఎటు పడితే అటు పోతాయి, తప్పులు కూడా ఉంటాయి. నేను చదివింది నాలుగేళ్ళే. ఎందుకని నువ్వొకసారి అడిగితే బడంటే భయమని చెప్పాను. అది అబద్ధం.

జూన్‌లో నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని నువ్వు కాపలా కాసే అభయారణ్యమంతా తిప్పావు. రాళ్ళ దారిలో దిగి నడిచాం, మళ్ళీ ఎక్కాం. ఇది రోజ్‌మేరీ, ఇది పొట్టి ఈత అని చూపిస్తుంటే, అన్నీ మొదటిసారి చూస్తున్నట్టు నటించాను. గుర్రం రాయి అంచున బోర్లా పడుకుని, కింద రాతి గూళ్ళలో నల్ల డేగల్ని చూశాం. "భయమేస్తే నా చెయ్యి పట్టుకో" అన్నావు. పట్టుకున్నాను, భయమేసి కాదు. ఆ అంచు కింద ఏ రాయి కదులుతుందో, ఏది కాలికి ఆనుతుందో నాకు తెలుసు. ఏడేళ్ళప్పటి నుంచి పదమూడేళ్ళ దాకా నాన్న నా నడుముకు తాడు కట్టి అక్కడి నుంచే కిందికి దింపేవాడు. డేగ పిల్లలు కొవ్వు పట్టేది సెప్టెంబరులో. బళ్ళు తెరిచేదీ అప్పుడే. ఇంట్లో అందరికంటే తేలికైనదాన్ని నేనే.

నా జుట్టు కింద మచ్చ మెట్ల మీద పడితే వచ్చింది కాదు. తల్లి డేగ కొట్టింది. ఏడ్చానే గానీ డేగ పిల్లలున్న సంచి వదల్లేదు. ఆ పూట వాటి కూర కూడా తిన్నాను. రుచిగా ఉంది. అన్నిటికంటే ఇది చెప్పడానికే సిగ్గుగా ఉంది.

ఈస్టర్ భోజనాల దగ్గర నువ్వు జేబులోంచి ఒక ఇనుప మేకు తీసి బల్ల మీద పెట్టావు. "ఇది కొండ అంచున దొరికింది. దీనికే తాడు కడుతున్నారు. ఎవరిదో తెలిసిన రోజున కోర్టుకి ఈడుస్తాను మామా" అన్నావు.

నాన్న దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "మంచి ఇనుము. గొర్రెలు కాసుకునే ఊరి వాడివి, నీకు మేకులెందుకయ్యా? వైన్ పోసుకో."

నేను పళ్ళేలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. అది నాన్న మేకే.

ఇక్కడ ప్రతి ఇంటికీ తమ గూళ్ళంటూ ఉన్నాయి. తండ్రి నుంచి పిల్లలకు వస్తాయి. ఒకరి గూటి మీద ఇంకొకరు చెయ్యి వెయ్యరు. మన పెళ్ళిరోజున చర్చి మెట్ల మీద, "గుర్రం రాయి కింద ఆరు గూళ్ళు ఇక నీవే" అని నాన్న నా చెవిలో చెప్పాడు. నువ్వు పక్కనే నిలబడి, జనం చల్లిన బియ్యం జుట్టులోంచి దులుపుకుంటున్నావు.

నిన్న కబురు పంపాడు. పిల్లలు కొవ్వు పట్టాయట, అల్లుడు శిక్షణకని కల్యారి నగరంలో ఉన్నాడు కాబట్టి ఇరవయ్యో తారీఖున తాడు తీసుకుని రమ్మన్నాడు. నాన్న మాట నేనెప్పుడూ కాదనలేదు. నీ మొహం చూస్తూ ఇదంతా చెప్పలేక రాస్తున్నాను. చదవగానే కాల్చెయ్యి. ఇందులో నాన్న ఉన్నాడు.

నీ నినెట్టా

సెప్టెంబరు 20

నా బకీజియో,

నీ ఉత్తరం చిన్నదే అయినా ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. "కాల్చాను. మేకు ఎవరిదో నేను చదవలేదు. ఈసారి ఆ గూళ్ళు ఖాళీ అయితే మాత్రం చదివినట్టే."

ఈ ఉదయం నీ సైకిల్ సీటు దించుకుని, తాడు బుట్టలో వేసుకుని బయలుదేరాను. వెనక నాన్న. ఎదురుగాలి. దారి పొడుగునా సణుగుడే.

"గొర్రెలవాడి గుర్రం నా ఎముకలన్నీ లెక్కపెడుతోంది."

"దిగి నడువు మరి."

"మోకాళ్ళుంటే నడవనా?"

ఎర్రమట్టి అయిపోయి తెల్లరాళ్ళు మొదలైన చోట ఇద్దరం దిగి సైకిల్ నెట్టుకుంటూ వెళ్ళాం. అంచు దగ్గర నాన్న కొత్త మేకు కొట్టాడు.

"తాడు కట్టుకో."

"కట్టుకోను."

"ఏమే?"

"ఈ ఆరూ ఎవరివి నాన్నా?"

"నీవే. చర్చి దగ్గర చెప్పానుగా."

"నావైతే నేను తియ్యను. నువ్వూ తియ్యకూడదు."

నాన్న సుత్తి కింద పెట్టేశాడు. పరాయి గూటి మీద చెయ్యి వేసిన మనిషి కాదు.

"ఇది మీ ఆయన నేర్పాడా?"

"ఆయనకు 'వేట నిషేధం' అని బోర్డులు పాతడమే తెలుసు. ఇది నువ్వు నేర్పిందే."

"మరి నాకు మిగిలిన తొమ్మిది గూళ్ళు?"

"వాటికి ఎవర్ని దింపుతావు? నేను దిగను."

డేగ ఒకటి మా తలల మీదుగా రెండుసార్లు తిరిగింది. నాన్న దాన్ని చూస్తూ, "ఆ మచ్చ ఇంకా ఉందా?" అన్నాడు. ఇన్నేళ్ళలో అడగడం ఇదే మొదలు. వంగి చూపించాను. వేలితో తడిమాడు.

"ఆ రోజు నీ ఏడుపు నాకు వినిపించింది. ముందు సంచి లాగాను. తర్వాతే నిన్ను."

నాకది గుర్తు లేదు బకీజియో. ఆయనకు ఉంది.

నాన్న లేచి, అప్పుడే కొట్టిన మేకును అటూ ఇటూ కొట్టి ఊడదీశాడు. "కాగితం ఉందా? రాసుకో. మిగతా తొమ్మిదీ నీకే" అన్నాడు. ఒక్కో గూడూ ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తుంటే సైకిల్ సీటు మీద కాగితం ఆనించి రాశాను. ఆ కాగితం ఇదే. వెనకవైపు చూడు. పదిహేను గూళ్ళలో ముప్పై నాలుగు పిల్లలు, అన్నీ ఉన్నాయి. నీ దుర్భిణికి ఏడు గూళ్ళే కనిపించాయి కదా.

మొదటి ఉత్తరం కాల్చి మంచిపని చేశావు. దీన్ని కాల్చకు. నీ బోర్డు ఎవరూ చదవరు గానీ, గూళ్ళు ఫలానావాళ్ళవంటే మా ఊరు ఒప్పుకుంటుంది. అడిగినవాళ్ళకి చూపించాలి. కింద నాన్న చేత కూడా రాయించాను.

నీ నినెట్టా

పైన రాసింది నిజం. తొమ్మిదీ ఇచ్చేశాను. గొర్రెలవాడా, వచ్చేటప్పుడు సైకిల్ వెనక సీటుకి ఒక మెత్త తీసుకురా.
జోబట్టా