తోమిన నాణేలు

అన్నయ్యగారికి నమస్కారాలు.

మీ స్నేహితుడు పోయి నాలుగు నెలలైంది. ఒక సాయం అడుగుదామని రాస్తున్నాను. ఆదివారాలు మీరిద్దరూ పాత నాణేల కోసం తిరిగేవారు కదా, ఆ దుకాణాలు ఎక్కడున్నాయో చెప్పండి. నడుమ చిల్లున్న రాగి నాణెం ఒకటి కొనాలి.

సంగతేమిటంటే, నిరుడు ఆయన ఆస్పత్రిలో ఉండగా, ఇంటికొచ్చి చూసి సంతోషిస్తారని ఆ నాణేలన్నీ సబ్బునీళ్లలో నానబెట్టి పళ్లపొడితో తోమాను. రెండు రోజులు పట్టింది. ఆయన వచ్చి, ఆల్బం తెరిచి చాలాసేపు చూసి, "ఎంత శ్రమపడ్డావే, అద్దాల్లా ఉన్నాయి" అన్నారు. నేను పొంగిపోయాను. ఆ తర్వాత ఆయన మళ్లీ ఆల్బం ముట్టుకోలేదు. ఓపిక లేదేమో అనుకున్నాను.

మొన్న వాటిని చూపిద్దామని నాణేల వ్యాపారిని పిలిపిస్తే, అతను పెదవి విరిచి, "ఎవరమ్మా వీటిని తోమింది? ఆ పాత నలుపు పోయాక ఇంక వీటిని ఎవరు చూస్తారు?" అన్నాడు. పనిమనిషి తోమిందని చెప్పేశాను.

ఈ సంగతి ఆయన మీతోనైనా అన్నారా? నన్ను తిట్టి ఉన్నా సరే, దాచకుండా రాయండి. నాతో మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

నేను తోమినవాటిలోని చిల్లు నాణెం ఆయన మొట్టమొదట కొన్నది. దాని గడిలో అలాంటిదే ఇంకొకటి పెట్టాలని ఉంది. మీ దగ్గరే ఉంటే, మట్టి పట్టి ఉన్నా అలాగే పంపండి. చేత్తో కూడా తుడవను.

మీ చెల్లెలు