నీళ్లు పోసిన నువ్వుల ముద్ద

ప్రియమైన మా ఇంటి కళ్ల డాక్టరమ్మకి,

నువ్వు డాక్టరువి కాదనీ, నువ్వు పనిచేసే కళ్లజోళ్ల షాపువాళ్లు కంటిపరీక్షలు నేర్చుకు రమ్మని పంపారనీ నాకూ తెలుసులే. అలా రాస్తే ఏం పోయింది? ఫోన్లో నీ గొంతు వింటే చిట్టి ఏడుపందుకుంటోంది, అందుకే ఈ ఉత్తరం.

నువ్వు చేసిపెట్టి వెళ్లిన నువ్వుల ముద్ద అయిపోయింది. అది రాస్తేగానీ నీ కూతురు బ్రెడ్డు ముట్టదాయె. సరే, నేనే చేద్దామని నువ్వులు వేయించి మిక్సీలో వేశాను. తిరగనని మొండికేస్తే, చేతి అలవాటు కొద్దీ కాసిని నీళ్లు పోశాను. అంతే, గోడకి పట్టే లప్పంలా బిగుసుకుపోయింది. ఇన్నేళ్లుగా రంగులు పలచన చేసుకుని బతికేవాణ్ని, నాకే ఇలా జరగాలా?

చిట్టి మూతి ముడుచుకుని కూర్చుంది. నువ్వు మాత్రం కంగారుపడి బయల్దేరకు.

నీ రంగులాయన

*

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం హాస్టల్లో పక్కమంచం ఆవిడకి కూడా చదివి వినిపించాను. ఇద్దరం కడుపుబ్బా నవ్వాం. తర్వాత నాకు ఏడుపొచ్చింది. పిల్ల తినకపోతే నాకీ చదువెందుకండీ? పరీక్ష పోతే పోయింది, ఈ వారం చివర్లో బస్సెక్కేస్తాను.

ఈలోగా ఇలా చేయండి. నువ్వులు సన్నటి మంట మీద కలుపుతూ వేయించి, కమ్మటి వాసన రాగానే దించేయండి. రంగు ముదిరేదాకా చూశారో, చేదొస్తుంది. చల్లారాక మిక్సీ వేయండి. ముందు పొడి అవుతుంది, తర్వాత ముద్ద కడుతుంది. అక్కడే మీకు చెయ్యి దురద పుడుతుంది, నీళ్ల గ్లాసు దూరంగా పెట్టుకోండి. మిక్సీని కాసేపు ఆపి, అంచులు గీకి మళ్లీ తిప్పండి. నువ్వుల్లోంచే నూనె ఊరి జారుగా అవుతుంది. అప్పటికీ గట్టిగా ఉంటే చెంచాడు నూనె వేయండి. చిటికెడు ఉప్పు చాలు.

బట్టలు సర్దుకుంటున్నాను.

మీ ఇంటావిడ

*

బంగారూ,

ముందు ఆ బట్టలు మళ్లీ అలమారాలో పెట్టు.

నువ్వు చెప్పినట్టే చేశాను. అంచులు గీకడానికి లప్పం పట్టే రేకు వాడాను. కొత్తదేలే, తిట్టకు. చిట్టి ఒక ముక్క కొరికి, "అమ్మ చేసినట్టు లేదు" అంది. నా ప్రాణం ఉసూరుమంది. నమిలి మింగి, "బాగుంది, ఇంకోటి రాయి నాన్నా" అంది. ఆ తర్వాతది తనే రాసుకుంది, ముక్కుకి కూడా.

నువ్వు లేక ఇల్లు బోసిగా ఉంది, ఎందుకు దాచాలి? కానీ షాపులో కళ్లద్దాలు తుడిచే బల్ల దగ్గరే నువ్వు ఉండిపోతే నాకు నచ్చదు. పరీక్ష రాసి, కంటిపరీక్ష గదిలో కూర్చునే మనిషివై రా.

నీ కోసం చూస్తూ,
నేను

*

ఏమండీ,

ఉండిపోయాను. పరీక్ష రాశాకే వస్తాను.

మీ ఉత్తరం చదివి ఎంత సంతోషించానో, అంత కుళ్లుకున్నాను కూడా. నేను చేసిపెడితేగానీ పిల్ల తినదని ఊరంతా చెప్పుకు తిరిగినదాన్ని కదా. ఇప్పుడు కడుపు చల్లగా ఉంది.

ఒక్క మాట. ఇక్కడ పొద్దున పెట్టే బ్రెడ్డు నాకు గొంతు దిగడం లేదండీ, వచ్చినప్పటి నుంచీ సగం వదిలేస్తున్నాను. మీరు చేసింది ఒక సీసాడు పంపండి. అమ్మ కూడా సరిగ్గా తినడం లేదని చిట్టికి మాత్రం చెప్పకండి.

ఆకలితో, ప్రేమతో,
మీ డాక్టరమ్మ